నగరపాలిక నేలలో మన కూరమడి



మున్సిపాలిటీ అనగానే మనకు తట్టేవి ఇంటి పన్ను, చెత్త బండి, వీధి దీపం, మంచినీళ్ల కుళాయి. ఇంకాస్త ఆలోచిస్తే జనన మరణ ధ్రువపత్రాలు, దోమల మందు. "మా ఇంటికి నాలుగు వంగ మొక్కలు వేసుకునేంత జాగా ఇప్పించండి" అని వార్డు ఆఫీసుకు వెళ్లి అడిగినవాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? అడిగితే అక్కడి గుమాస్తా మన వంక ఎలా చూస్తాడో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. అమెరికా వాయవ్య మూలన ఉన్న సియాటిల్ నగరంలో మాత్రం అది అర్జీ పెట్టుకోదగ్గ విషయమే. యాభై ఏళ్లకు పైగా అక్కడి నగరపాలక సంస్థ చేసే మామూలు పనుల్లో అదొకటి. అర్జీ ఇచ్చాక ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకోవలసి రావచ్చు, అది వేరే సంగతి.

ఈ తోటల కథ విమానాల దగ్గర మొదలైంది. 1960ల చివర్లో సియాటిల్ జనం బతుకంతా బోయింగ్ కంపెనీ చుట్టూ తిరిగేది. విమానాల ఆర్డర్లు తగ్గాయి. ధ్వని కన్నా వేగంగా ఎగిరే ప్రయాణికుల విమానం తయారీకి ఇస్తున్న డబ్బును 1971 మార్చిలో అమెరికా సెనేట్ ఆపేసింది. ఒకప్పుడు లక్షమందికి జీతాలిచ్చిన కంపెనీలో 40 వేలమంది కూడా మిగల్లేదు. ఊరు వదిలిపోయే ఆఖరి మనిషి దీపాలార్పి పొమ్మంటూ ఇద్దరు రియల్ ఎస్టేట్ ఏజెంట్లు రోడ్డు పక్కన హోర్డింగు పెట్టించారు. వాళ్లు సరదాకి పెట్టారు కానీ, ఉద్యోగం పోయినవాళ్లకు అందులో నవ్వు కనిపించి ఉండదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నగరానికి ఈశాన్యాన వెడ్జ్‌వుడ్ అనే పేటలో ఒక పొలం ఖాళీగా పడి ఉంది. ఇటలీ నుంచి వలస వచ్చిన పికార్డో కుటుంబం దశాబ్దాల పాటు కూరగాయలు పండించి అమ్ముకున్న నల్లటి నేల అది. డార్లిన్ రండ్‌బర్గ్ అనే విద్యార్థిని ఆ కుటుంబాన్ని అడిగి కొంత చెక్క తీసుకుంది. దగ్గర్లోని ప్రాథమిక పాఠశాల పిల్లల్ని కూడగట్టి, పూట గడవనివాళ్ల కోసం కూరలు పండించడం మొదలుపెట్టింది. పిల్లల వెంట సాయానికి వచ్చిన కుటుంబాలకు అంచుల్లో చిన్న చిన్న మడులు దక్కాయి. ఆ అంచు మడులే అసలు పథకమయ్యాయి. 1973లో నగరం ఆ పొలాన్ని లీజుకు తీసుకుంది, 1975లో కొనేసింది. పికార్డో పేరులోని మొదటి అక్షరంతో ఆ తోటలకు పీ-ప్యాచ్ అని పేరు స్థిరపడింది. ఇప్పుడు నగరమంతటా అలాంటి తోటలు సుమారు 90 ఉన్నాయి. వాటిని చూసుకునేది పార్కుల శాఖ కాదు, పేటల వ్యవహారాలు చూసే శాఖ. నాకు ఇది నచ్చిన సంగతి. పార్కుల శాఖ చేతిలో ఉంటే ముందుగా పచ్చిక బయలు, దాని మీద నడవరాదన్న బోర్డు వచ్చేవి.

ఇక తోట నడిచే తీరు చూద్దాం. ఒక్కో కుటుంబానికి దక్కేది పెద్ద జాగా ఏమీ కాదు. పది అడుగులకు పది అడుగుల మడి అంటే మన లెక్కలో 11 గజాలు. పెద్దది కావాలంటే దానికి రెట్టింపు, కొన్నిచోట్ల నాలుగింతలు. జాగా కొలతను బట్టి ఏడాదికి రుసుము ఉంటుంది. కట్టుకోలేనివాళ్లకు తగ్గింపు ఉంటుంది. పురుగుమందులు, రసాయన ఎరువులు వాడకూడదు. పండించింది మీరు తినాలి, పంచాలి, అమ్ముకోకూడదు. నీటి కుళాయి, గొట్టం, కంపోస్టు తొట్లు, పలుగూ పారా పెట్టుకునే కొట్టం అందరివీ. మీ మడిలో కలుపు మీరు తీసుకుంటే సరిపోదు. ఏడాదిలో కొన్ని గంటలు ఉమ్మడి పనికి రావాలి. దారుల్లో చెక్కపొట్టు పరచడం, కంపోస్టు తిరగేయడం, గొట్టాలు బాగుచేయడం, ఇలాంటివన్నీ ఆ పనిలోకి వస్తాయి. ఈ నియమం లేకపోతే రెండో ఏటికల్లా దారులు గడ్డి పట్టిపోతాయని ఊళ్లో ఉమ్మడి కాలువ పూడిక తీయించినవాళ్లెవరైనా చెబుతారు.

మడి పుచ్చుకుని పడావు పెట్టేవాళ్లూ ఉంటారు. వసంతంలో ఉత్సాహంగా తవ్వి, జూన్‌లో సెలవులకు వెళ్లి, ఆగస్టుకు తిరిగొచ్చేసరికి కలుపు నడుముదాకా పెరుగుతుంది. అప్పుడు ఒక హెచ్చరిక వస్తుంది. గడువులోగా కదలకపోతే ఆ మడి వరుసలో తరువాతివాళ్లకు వెళ్తుంది. ఇది వినడానికి కటువుగా ఉంటుంది. కానీ వరుసలో నిలబడ్డవాళ్లు ఉన్నప్పుడు, ఒకరి మొహమాటం ఇంకొకరి ఆశను తినేస్తుంది. ఈ హెచ్చరిక ఇచ్చే పని తోటివాళ్లు చేస్తే తగువు, జీతం తీసుకునే మనిషి చేస్తే నియమం. అందుకే నగరం ఈ తోటలకు సమన్వయకర్తలను ఉద్యోగులుగా పెట్టుకుంది. విత్తనాలు ఎవరైనా ఇస్తారు, శిక్షణ ఏ స్వచ్ఛంద సంస్థైనా ఇస్తుంది. పక్కవాడి గుమ్మడి తీగ మీ మడిలోకి పాకినప్పుడు ఇద్దరికీ మధ్య నిలబడే మనిషిని ఇవ్వగలిగేది మాత్రం నగరపాలక సంస్థే.

సియాటిల్‌కు వానల ఊరని పేరుంది కదా, నీళ్ల బాధ ఏముంటుందని అనుకోవచ్చు. ఆ వానలన్నీ చలికాలంలో పడతాయి. కూరలు పెరిగే జూలై, ఆగస్టుల్లో చినుకు అరుదు. మనకు తలకిందులు. కాబట్టి కుళాయి లేని తోట అక్కడ కూడా తోట కాదు. చలికాలంలో మడిని వట్టిగా వదిలితే వానకు సారం కొట్టుకుపోతుంది. అందుకని అక్టోబరులో క్లోవరు, వెచ్ లాంటి పచ్చిరొట్ట గింజలు చల్లి, వసంతంలో మట్టిలో కలిపి దున్నేస్తారు. మన రైతు జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి చేసే పనే అది.

ఆకలి సంగతి మొదటి రోజు నుంచీ ఈ తోటల్లో ఉంది. పండినదాంట్లో ఉమ్మడి మడుల వాటా, ఇళ్లలో వాడుకోగా మిగిలిన వాటా కలిపి ప్రతి ఏటా పేదలకు ఉచితంగా తిండి పంచే ఆహార బ్యాంకులకు వెళ్తుంది. 1988లో లెటస్ లింక్ అన్న కార్యక్రమం మొదలైంది. తోటవాళ్ల దగ్గర మిగిలిన తాజా కూరల్ని ఆహార బ్యాంకులకు చేర్చడం దాని పని. అక్కడి ఆహార బ్యాంకుల్లో డబ్బా తిండి దొరకడం తేలిక, ఆకుకూర దొరకడం కష్టం. అమ్మకూడదన్న నియమానికి మినహాయింపు కూడా ఒకటుంది. ప్రభుత్వ గృహ సముదాయాలున్న హై పాయింట్, న్యూహాలీ అన్న చోట్ల, అమ్మకం కోసమే పండించే మడులు వేరుగా పెట్టారు. ఆగ్నేయాసియా నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి వలస వచ్చిన కుటుంబాలు అక్కడ పండించి, తోట పక్కనే బల్ల వేసి అమ్ముతారు. సొంత ఊళ్లో సేద్యం చేసినవాళ్లు, కొత్త దేశంలో భాష రాక ఇంట్లో కూర్చున్నవాళ్లు. పార చేతికిస్తే ఇంగ్లిషు వచ్చినవాళ్లకే పాఠం చెప్పగల మనుషులు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. సియాటిల్ పక్కనున్న సరస్సుకు అవతల బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బెల్‌వ్యూ నగరం కూడా ఇలాంటి మడులే అద్దెకిస్తుంది. అక్కడి చల్లని వేసవిలో చుక్కకూర, మెంతికూర, కొత్తిమీర హాయిగా వస్తాయి. తోటకూర ఎండ ముదిరాక ఫరవాలేదు. చిక్కంతా గోంగూరతోనే. దానికి వెచ్చదనం చాలాకాలం పాటు కావాలి. ఏప్రిల్‌లో విత్తితే ముడుచుకుని కూర్చుంటుంది. అందుకని ఇంట్లో కిటికీ దగ్గర దీపం కింద నారు పోసి, జూన్ వచ్చాక మడికి మారుస్తారు. అమ్మానాన్నలు ఇక్కడి నుంచి వెళ్లి ఆరు నెలలు ఉండే రోజుల్లో అదే మడి వాళ్లకు ఊరవుతుంది. పొద్దున పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి వెళ్లాక, కారు నడపడం రాని పెద్దమనిషి నడిచి వెళ్లగల చోటు, వెళ్లి ఏదైనా పని చేయగల చోటు అదొక్కటే. పక్క మడిలో చైనా తాతతో సైగలతోనే సొర విత్తనాల బేరం కుదురుతుంది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది కదా. ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అదేమిటంటే, ఆ నేల ఎన్నాళ్లు మనది?

మన కౌలు రైతును అడగండి. సొంత చేనుకైతే వేసవిలో పశువుల ఎరువు బండ్లకొద్దీ తోలతాడు. కౌలు చేనుకు తోలడు. ఎందుకంటే ఆ ఎరువు ఫలం మూడేళ్లు అందుతుంది, కౌలు మాట ఏడాదికే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కూడా ఒప్పందం 11 నెలలకే. నగరంలో మడి కట్టేవాడి లెక్క కూడా ఇదే. ఇల్లు కూల్చిన రాళ్లూ, గాజుపెంకులూ ఏరి, రెండేళ్లు కంపోస్టు వేస్తే తప్ప నేల నేలలా కాదు. అప్పుడొచ్చి ఖాళీ చేయమంటే?

సియాటిల్‌లోనూ అన్నారు. పాత చెత్త దిబ్బ మీద కట్టుకున్న ఇంటర్‌బే అనే తోటను గోల్ఫ్ మైదానం కోసం రెండుసార్లు జరిపారు. తోటవాళ్లు తాము తయారుచేసుకున్న మట్టిని మోసుకుని మరీ కొత్త చోటికి వెళ్లారు. ఇంకో పేటలో బ్రాడ్నర్ గార్డెన్స్ పార్కు ఉంది. ఎకరన్నరకు కాస్త ఎక్కువ. 1990ల మధ్యలో దాన్ని ఇళ్ల కోసం అమ్మేయాలని నగర పాలకులు ఆలోచన చేశారు. పేటవాళ్లు ఊరుకోలేదు. ఒక్క తమ తోట కోసం కాకుండా, నగరంలోని పార్కు భూములన్నిటికీ వర్తించేలా ఒక ప్రతిపాదన రాసి సంతకాలు సేకరించారు. 1997లో నగర కౌన్సిల్ దాన్నే శాసనంగా ఆమోదించింది. పార్కు భూమిని ఇంకో పనికి మళ్లించాలంటే, అదే ప్రాంతంలో దానికి సమానమైన భూమిని ముందు చూపించాలి. తోట నిలిచింది. దానికన్నా ఆ శాసనం నిలవడమే పెద్ద విషయమని నా ఉద్దేశం.

న్యూయార్కులో ఇంత సాఫీగా జరగలేదు. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె స్నేహితులు మన్‌హటన్‌లో బవరీ, హూస్టన్ వీధుల మూల ఒక చెత్త స్థలాన్ని శుభ్రం చేసి తోట వేశారు. మరుసటి ఏడాది నగరం దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకిచ్చింది. 1978లో గ్రీన్‌థమ్ అనే పథకమే పెట్టింది. అప్పట్లో ఆ స్థలాలు ఎవరికీ అక్కర్లేనివి. పన్ను కట్టలేక యజమానులు వదిలిపోయినవి, కాలిన భవనాలు కూలిన జాగాలు. తోటలు వచ్చాక పేటలు బాగుపడ్డాయి, బాగుపడ్డాక ధరలు పెరిగాయి, పెరిగాక నగరానికి ఆ స్థలాలు మళ్లీ గుర్తొచ్చాయి. 1999లో మేయర్ రూడాల్ఫ్ జూలియాని 114 తోటలను వేలానికి పెట్టారు. వేలానికి కొద్దిగా ముందు, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అన్న సంస్థా, గాయని, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థా కలిసి వాటిని కొనేశాయి. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. 2000 ఫిబ్రవరిలో ఎస్పెరాంజా అనే తోట మీదికి బుల్డోజరు వచ్చింది. ప్యూర్టో రికో వాళ్లకు ప్రాణమైన చిన్న కప్ప ఉంటుంది, కొకీ అంటారు. ఆ ఆకారంలో పెద్ద మంచె కట్టుకుని అందులో కాపలా పడుకున్నారు జనం. అరెస్టులు జరిగాయి. కూల్చివేతను ఆపమన్న కోర్టు ఉత్తర్వు అదే రోజు వచ్చింది, కానీ అప్పటికి ఆ తోట లేదు. మిగిలిన తోటల సంగతి తేలి ఒప్పందం కుదిరింది 2002లో. చెత్త స్థలంగా ఉన్నన్నాళ్లు ఎవరూ అడగని నేల, తోటయ్యాకే అడగబుద్ధేసే నేల అవుతుంది. ఈ చిక్కు తోటవాళ్ల శ్రమలోనే ఉంది.

ఇంగ్లాండులో ఈ ముడిని చట్టంతో విప్పారు. 1908 నాటి చిన్న కమతాల, తోట మడుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఊళ్లో ఓటు ఉన్నవాళ్లు లేదా స్థానిక పన్ను కట్టేవాళ్లు ఆరుగురు కలిసి మడులు కావాలని రాసిస్తే, కౌన్సిల్ దాన్ని పరిశీలించి తీరాలి. గిరాకీ నిజమని తేలితే జాగా చూపడం దాని బాధ్యత. లండన్ నడిబొడ్డున ఉన్న పేటలకు మాత్రం ఇది వర్తించదు. 1925లో ఇంకో చట్టం వచ్చింది. మడుల కోసమే కౌన్సిల్ సేకరించిన భూమిని మంత్రి అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదంది. అక్కడ సంప్రదాయంగా ఒక మడి కొలత పది రాడ్లు, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. మనకు బాగా తెలిసిన కొలతే, 300 గజాల ప్లాటు! మనం ఇల్లు కట్టుకోవాలని జీవితకాలం కలగనే జాగాలో వాళ్లు బంగాళాదుంపలు వేసుకుంటారు. అందుకే ఇప్పుడు చాలా కౌన్సిళ్లు దాన్ని సగానికి, పావుకు కోసి ఇస్తున్నాయి. ఎన్నాళ్లలోగా ఇవ్వాలన్నది చట్టంలో లేదు కాబట్టి, వెయిటింగ్ లిస్టులు ఏళ్లకు ఏళ్లు సాగుతున్నాయి.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో మిద్దెతోటలు పెంచేవాళ్లకు కొదవ లేదు. గ్రో బ్యాగులు, పాత డ్రమ్ములు, థర్మోకోల్ పెట్టెలు, వాటిలో టమాటాలు, బీర పాదులు. ఆదివారం విత్తనాలు పంచుకునే బృందాలు కూడా ఉన్నాయి. ముచ్చటైన పనే, కానీ మిద్దె ఉన్నవాడికే మిద్దెతోట. అపార్ట్‌మెంటులో అద్దెకుండేవాళ్లకు బట్టలారేయడానికి డాబా ఎక్కాలన్నా ఓనరు మొహం చూడాలి. బస్తీలో ఒంటిగది ఇంట్లో ఉండే కుటుంబానికి, పల్లె నుంచి వచ్చి వాచ్‌మన్ గదిలో కాపురముండే దంపతులకు సేద్యం వచ్చు, నేల లేదు. మిద్దె ఉన్నవాళ్లకు నేల ఉంది, సేద్యం యూట్యూబులో నేర్చుకుంటున్నారు.

మొక్కల విషయంలో మన ప్రభుత్వాలు పట్టనట్టు ఉన్నాయనడం అన్యాయం. హరితహారం 2015లో మొదలైంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 అయితే బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలంది. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలని, బతకకపోతే వార్డు ప్రతినిధి, అధికారి జవాబు చెప్పాలని రాసింది. ఇంత గట్టి మాట రాసిన చట్టం చెట్ల గురించి రాసింది. చెట్టు నాటాక ఫొటో తీసుకుని వెళ్లిపోవచ్చు. వంగ మొక్క అలా కుదరదు, మనిషి రోజూ రావాలి. రోజూ మనుషులు వచ్చే జాగాను కబ్జా చేయడం కూడా కష్టం. లేఅవుట్ వేసినప్పుడు అందరి కోసం ఖాళీ జాగా వదలాలన్న నియమం మనకుంది. ఆ జాగాలు చివరికి ఏమవుతున్నాయో శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు. కొన్నిచోట్ల చుట్టూ ఫెన్సింగు, లోపల నడిచే దారి, వ్యాయామం యంత్రాలు వచ్చాయి. సంతోషం. కొన్నిచోట్ల గుడిసె, తర్వాత గుడి, తర్వాత కోర్టు కేసు వచ్చాయి. అలాంటి జాగాల్లో ఒక మూల ఇరవై మడులు గీయడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. బోరు, లేదా శుద్ధి చేసిన నీటి కనెక్షను. మట్టి పరీక్ష, ఎందుకంటే మన ఖాళీ జాగాల్లో పూడ్చినవేమిటో పూడ్చినవాళ్లకే తెలుసు. మట్టి బాగాలేకపోతే ఇటుకలతో ఎత్తు మడులు. తడి చెత్త నుంచి మున్సిపాలిటీ తయారుచేసే ఎరువు తోటలోనే వాడొచ్చు. అన్నిటికన్నా ముందు ఒక కాగితం కావాలి. ఈ మడి ఈ కుటుంబానికి ఐదేళ్ల పాటు, ఫలానా షరతుల మీద, అని కార్పొరేషన్ ముద్ర వేసి ఇచ్చే కాగితం. కార్పొరేటరు మారినా, కమిషనరు మారినా చెల్లే కాగితం.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "రాత్రికి రాత్రి కూరలు కోసుకుపోరా సార్?" పోతారు. ఇది మన దేశపు జబ్బేమీ కాదు. ఉమ్మడి తోటలు ఎక్కడున్నా ఈ ఫిర్యాదు ఉంటుంది. నెలల తరబడి కాపు కాసి, రేపు కోద్దామనుకున్న గుమ్మడికాయ పొద్దున్నే కనిపించదు. తోటలో పాతకాపులు కొత్తవాళ్లకు చెప్పే ఉపాయాలూ ఉన్నాయి. దారి పక్కన ఎర్రగా నిగనిగలాడే టమాటాలు వేయకండి, నేల కింద పెరిగే దుంపలు వేయండి. దోర కాగానే కోసేయండి, చెట్టున పండనివ్వకండి. సియాటిల్‌లోనే బీకన్ ఫుడ్ ఫారెస్ట్ అనే చోట 2012లో ఇంకో దారి పట్టారు. నీటి సరఫరా సంస్థ భూమిలో పండ్ల చెట్లు, పొదలు వేసి, ఎవరైనా వచ్చి కోసుకోవచ్చన్నారు. అక్కడ దొంగతనమనేదే లేదు, ఎందుకంటే దొంగిలించడానికి ఎవరి సొత్తూ కాదు. మన తోటల్లో ఏది కుదురుతుందో వేసి చూస్తే గానీ తెలియదు. అమెరికాలో మన గోంగూరకు మాత్రం ఆ భయం లేదు. దాన్ని చూసి అది తినేదని గుర్తుపట్టాలంటే ఆ దొంగ గుంటూరువాడైనా అయి ఉండాలి, గుంటూరు అల్లుడైనా అయి ఉండాలి. ఇక్కడైతే దారి పక్కన వేయకండి.